పిల్లను ఎవరి ఒళ్ళో కూర్చోబెట్టాను

జూన్ వస్తోందంటే అందరికీ వానలు గుర్తొస్తాయి. నాకు మాత్రం బడి గేటు గుర్తొచ్చి భయమేస్తుంది. ఇన్నేళ్ళు పంతులమ్మ ఉద్యోగం చేసి బడి తెరిచే రోజుకు భయపడడమేమిటని మా ఆయన నవ్వుతాడు. నవ్వనివ్వండి. ఆ రోజు మా బడి వరండాలో ఉండి ఉంటే ఆయన పళ్ళు బయటికి కనిపించేవి కావు.

మాది నాచారంలో ఒక గల్లీ చివర ఉన్న సర్కారు ప్రాథమిక పాఠశాల. గదులు, ముందొక వరండా, కాస్త ఖాళీ జాగా, ఇనుప గేటు. ఉప్పల్ నుంచి స్కూటీ మీద వచ్చి పోతుంటాను. హెడ్‌మేడాన్ని కాబట్టి చాక్‌పీసుల దగ్గర్నుంచి బాత్రూం తాళం దాకా అన్నిటికీ నాదే పూచీ. నాతోపాటు ఒక కుర్ర సారు, మధ్యాహ్న భోజనం వండే అక్క ఉంటారు. నాకు నోరెక్కువనీ, కోపం ముక్కు మీదే ఉంటుందనీ వాళ్ళిద్దరూ చాటుగా అనుకుంటారు. చాటుగా ఎందుకు, నా ముందే అనొచ్చు. గట్టి నోరు లేనివాళ్ళు ఈ ఉద్యోగంలో ఒక్క వారం బతకలేరు.

సెలవులు అయిపోయే ముందు మేము బడిబాట పేరుతో గడపగడపకూ తిరిగి పిల్లలను చేర్పించుకుంటాం. ఆ ఏడు మల్లాపూర్ వైపు వెళ్ళాను. ఫ్యాక్టరీల వెనక రేకుల గదులు వరసగా ఉంటాయి. పాలమూరు నుంచి, నల్గొండ నుంచి పనికి వచ్చినవాళ్ళు ఎక్కువ. ఎవరిని కదిలించినా అడిగేవి అవే. "ఇంగ్లీషు మీడియమేనా మేడం?" "గుడ్డు వెడ్తరా?" "డ్రెస్సులు ఎప్పుడిస్తరు?" వాటికి జవాబులు నేను నిద్రలో కూడా చెప్పగలను.

ఒక గది ముందు ఒకామె బిందె తోముతోంది. మందు సీసాల మూతలు చేసే ఫ్యాక్టరీలో ప్యాకింగ్ పని అని చెప్పింది. పక్కన గోడకు ఆనుకుని ఒక ఆడపిల్ల, ఒకటో తరగతి వయసుది, నన్ను చూసి నవ్వలేదు, దాక్కోలేదు. తల్లి గుడ్డు గురించి అడగలేదు.

"గేటుకు తాళం ఉంటదా మేడం?" అంది.

"ఉంటదమ్మా. ఎందుకట్ల అడుగుతున్నవ్?"

ఆమె పిల్లను లోపలికి చెంబు తెమ్మని పంపి, గొంతు తగ్గించింది. "దీని నాయిన ఉన్నడు మేడం. పోయినేడు అంగన్‌వాడీ కాడికి వచ్చి, నేను దీని నాయిననే అని ఎత్తుకపోయిండు. ఆల్లు ఇచ్చిన్రు. ఆల్ల తప్పేమున్నది, నాయిననే కదా. మల్ల నాకు పిల్ల దొరికేటాల్లకు వరికోతలు వచ్చినయి. ఆల్ల ఊర్లె పసుల కొట్టం పక్కన పండవెట్టుకున్నరు. నన్ను సూసి దగ్గరికి రాలే. మాట బందు వెట్టింది. ఇగో, ఈ మధ్యనే మల్ల మాట్లాడుతున్నది."

"ఇప్పుడాయన ఏడున్నడు?"

"చర్లపల్లి దిక్కు పనికి తిరుగుతుండని ఎవరో జెప్పిన్రు. మొన్న ఫోన్ జేసిండు. ఈసారి తీస్కపోతే నువ్వు బిడ్డ మొఖం సూడవు అన్నడు. ఉత్తగ బెదిరించే మనిషి కాదు మేడం. అన్నడంటే జేస్తడు."

కోర్టు కాగితం ఏమైనా ఉందా అని అడిగాను. కోర్టుల చుట్టూ తిరిగితే ఫ్యాక్టరీలో ఉంచుతారా అని ఆమే నన్ను ఎదురడిగింది. నేనేమో పెద్ద గొప్పగా ఛాతీ విరుచుకుని, "నా బడిల నన్నడగకుండ చీమ గూడ బయటికి పోదు. నువ్వు ఫికర్ చెయ్యకు," అన్నాను. ఆమె చేతులు జోడించింది. నా మాటకు చేతులు జోడించేవాళ్ళంటే నాకు ఇష్టమే, కాదనను.

బడి తెరిచిన వారంలో ఒక రోజు కొత్త పిల్లల కుటుంబాలను పిలిచి స్వాగతం చెప్పాలి, సామూహిక అక్షరాభ్యాసం చేయించాలి. పండుగ వాతావరణం కనిపించాలని పైనుంచి ఆదేశం. కుర్ర సారు గేటుకు మామిడాకులు, బుడగలు కట్టి, రెండు రెక్కలనూ బార్లా తెరిచి రాళ్ళు అడ్డం పెట్టాడు. వంట అక్క భోజనాల కంచాలను తోమి, ఒక్కో దాంట్లో దోసెడు బియ్యం పోసింది. వరండాలో పట్టాలు పరిచి, డప్పులవాళ్ళను పిలిపించాం.

ఆ తల్లి పొద్దున్నే డ్యూటీకి వెళ్తూ పిల్లను తెచ్చింది. కొత్త గౌను, నూనె పెట్టి దువ్విన తల. "పదకొండుకు పర్మిషన్ అడిగి వస్త మేడం. నేనొచ్చినంకనే దిద్దిపియ్యి. మా అన్న రాలేడు, నేనే కూసోవెట్టుకుంట," అంది. సరేనని, పిల్లను వంట అక్క దగ్గర కూర్చోబెట్టాను. "ఈ పిల్ల మీదికెల్లి సూపు తియ్యకు అక్కా, నాయిన ఎత్తుకపోతడని తల్లికి బుగులు," అని చెప్పాను కూడా.

ఇక ముఖ్య అతిథి. ఆయన పదింటికే దిగాడు. చెంగిచెర్లలో ఇంకో కార్యక్రమం ఉందట, తొందరగా కానివ్వమన్నాడు. నాకు ఒళ్ళు మండింది. పండుగ వాతావరణం కాబట్టి పళ్ళు కనబడేలా నవ్వి, సరే సార్ అన్నాను. అందరినీ పట్టాల మీదికి పిలిచాం. మా దగ్గర అక్షరాభ్యాసమంటే పిల్లను తండ్రో మేనమామో ఒళ్ళో కూర్చోబెట్టుకుని, వేలు పట్టుకుని బియ్యంలో రాయిస్తారు. అలాగే వరసగా కూర్చున్నారు. వంట అక్క తెచ్చి కూర్చోబెట్టిన ఆ పిల్ల మాత్రం కంచం ముందు ఒక్కతే ఉంది.

"అమ్మా, ఆ పాప ఒక్కతే ఉంటే ఫొటోలో బాగుండదు," అన్నాడు అతిథి.

ఇది మా బడిలో కొత్తేం కాదు. తండ్రి డ్యూటీలో ఉంటాడు, మామ ఊళ్ళో ఉంటాడు. పక్కనున్న ఏ మగమనిషో కూర్చోబెట్టుకుంటాడు, ఎవరూ ఏమీ అనుకోరు. అలవాటు కొద్దీ మైకులో అరిచాను. "ఎవరన్న ఒక అన్న వచ్చి ఈ పాపను జర ఒళ్ళె కూసోవెట్టుకోండ్రి!"

వెనక స్తంభం దగ్గర నిలబడిన ఒకతను వచ్చాడు. ఉతికిన తెల్ల చొక్కా, తడిపి దువ్వుకున్న జుట్టు. చెప్పులు పక్కన విడిచి, బాసిపట్లు వేసుకుని కూర్చుని, పిల్లను ఒళ్ళోకి తీసుకున్నాడు. పిల్ల ఏడవలేదు. వీపు ఆయన ఛాతీకి ఆనించి సర్దుకుని కూర్చుంది. ఎంత మంచివాడు, పిలవగానే వచ్చాడు అనుకున్నాను. ఫొటోలు తీశారు.

అక్షింతలు చల్లుకుంటూ వరస వెంట వెళ్తున్నాను. వాళ్ళ దగ్గరికి వచ్చి వంగాను. పిల్ల తల పైకెత్తి ఆయన గడ్డం కింద నుంచి అడిగింది. "డాడీ, అమ్మ ఇంక రాలేదేంది?"

నా పై ప్రాణాలు పైనే పోయాయి. అక్షింతలున్న పిడికిలి విప్పుకోలేదు. ఎదురుగా గేటు బార్లా తెరిచి ఉంది. నాకంటే ఆయనే గేటుకు దగ్గర. అరిస్తే ఏమవుతుంది? పిల్లను చంకనేసుకుని నాలుగు అంగల్లో రోడ్డెక్కుతాడు. ఆ జనంలో, ఆ డప్పుల చప్పుడులో ఎవరికి అర్థమవుతుంది, ఎవరు పట్టుకుంటారు? పట్టుకున్నా తండ్రిని ఏమని ఆపుతారు? మైకులో పిలిచి మరీ పిల్లను ఆయన ఒళ్ళో కూర్చోబెట్టించింది నేనే.

కుర్ర సారును గదిలోకి లాగి చెప్పాను. ఆయన మొఖం తెల్లబోయింది. "పోలీసులకు ఫోన్ చెయ్యనా మేడం?"

"చెయ్యి. ఏమని చెప్తవ్? తండ్రి కూతురుకు అక్షరాలు దిద్దిస్తున్నడు, తొందరగ రండి అనా?"

అయినా చేశాడు. చూస్తామన్నారట. తల్లికి చేస్తే మోగి మోగి ఆగిపోయింది. ఫ్యాక్టరీలో ఫోన్లు లోపలికి తీసుకెళ్ళనివ్వరు. గేటు మూయబోతే కనిపెట్టి అప్పుడే లేస్తాడు. ఇక మిగిలింది ఒకటే, ఆమె వచ్చేదాకా ఆయనను లేవకుండా చూడడం.

మామూలుగా మూడుసార్లు దేవుడి పేరు, ఒక అ, ఒక ఆ రాయించి చప్పట్లు కొట్టిస్తాం. ఆ రోజు మైకు పట్టుకుని, "ఈసారి మన బడిల పిల్లలతోని మొత్తం వర్ణమాల దిద్దిద్దాం!" అన్నాను. అతిథి నన్ను ఎగాదిగా చూసి, దండ మెడలో ఉండగానే కారెక్కి వెళ్ళిపోయాడు. ఒక ముసలామె మనవణ్ణి ఎగేసుకుంటూ, "ఏంది మేడం, సదువంత ఇయ్యాలనే ఒడగొడతరా? రేపటికెల్లి ఏం జెప్తరు మరి?" అంది. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను, ఏడుపులాంటి నవ్వు.

ఇ అయింది, ఈ అయింది. ఒక్కో అక్షరాన్నీ పెద్దగా రాయించి, చెరిపించి, మళ్ళీ రాయించాను. ఋ దగ్గర ఆయన చెయ్యి ఆగిపోయింది. పక్క కంచాల్లోకి తొంగి చూశాడు. చెవులు ఎర్రబడ్డాయి.

"నాకు ఇది రాదు మేడం," అని పిల్లను ఎత్తుకుని లేవబోయాడు.

"లేవకు అన్నా!" నా గొంతు పక్క గల్లీకి వినబడి ఉంటుంది. "నడుమల లేస్తే పిల్లకు చదువు అబ్బదు!"

అలాంటి శాస్త్రం ఏదీ లేదు. అప్పటికప్పుడు నా నోట పుట్టింది. మూఢనమ్మకాలు వద్దని పిల్లలకు ఏళ్ళ తరబడి చెప్పిన నోరే అది. ఆయన మాత్రం టక్కున కూర్చున్నాడు. నమ్మాడు. ఆ పిల్లకు చదువు రావాలని ఆయనకూ ఉంది. అది చూసి నాకు భయం ఇంకా పెరిగింది. తాగి తూలుతూ వచ్చినవాడైతే నలుగురూ కలిసి బయటికి నెట్టేవాళ్ళు. ఈయన పిల్ల ముక్కు కారితే తన చొక్కా అంచుతో తుడుస్తున్నాడు. ఇలాంటి తండ్రిని ఎవరు అనుమానిస్తారు?

"నేను పట్టి రాపిస్త," అని పక్కన కూలబడ్డాను. పిల్ల వేలి మీద ఆయన చెయ్యి, ఆయన చేతి మీద నా చెయ్యి. ఇనుము కోసిన గాట్లతో గరుకుగా, వేడిగా ఉంది ఆ చెయ్యి. ఎ రాశాం. ఏ రాశాం. ఐ దగ్గరికొచ్చేసరికి నా కళ్ళు గేటు వైపే ఉండి, బియ్యంలో అక్షరం కోడి కెలికినట్టు వచ్చింది.

ఆయన తలెత్తకుండానే మెల్లగా అడిగాడు. "ఆమె ఎన్నింటికి వస్తనన్నది మేడం?"

"ఎవరు?"

ఆయన చిన్నగా నవ్వాడు. "రాపియ్యి మేడం, రాపియ్యి. మంచిగ రాపిస్తున్నవ్."

తెలుసు ఆయనకు. నేనెందుకు సాగదీస్తున్నానో మొదటినుంచీ తెలుసు. తెలిసీ కూర్చున్నాడంటే ఆమె రావాలనే, ఆమె కళ్ళముందే పిల్లను ఎత్తుకుపోవాలనే కూర్చున్నాడు. అప్పటిదాకా ఆమె ఎప్పుడొస్తుందా అని చూసినదాన్ని, ఒక్కసారిగా రాకపోతే బాగుండునని దేవుళ్ళందరికీ మొక్కుకున్నాను.

క రాస్తుండగా వచ్చింది. తలకు ఫ్యాక్టరీ టోపీ కూడా తీయలేదు, పరుగెత్తి వచ్చినట్టుంది, రొప్పుతోంది. గేటు దాటి వరండా మెట్టు దగ్గర ఆగింది. ముందు పిల్లను చూసింది, తర్వాత ఆయనను, ఆఖరికి ఆయన చేతి మీదున్న నా చేతిని. నేను చెయ్యి లాక్కున్నాను. అప్పటికే ఆలస్యమైంది.

"పిల్లను దించు," అంది.

ఆయన పిల్లను చంకనెత్తుకుని తాపీగా లేచాడు. "ఎందుకు దించుత? నా బిడ్డ. నా ఒళ్ళె కూసోని అచ్చరాలు దిద్దింది. గింత మంది సూసిన్రు. మేడమే పిలిచి కూసోవెట్టింది, అడుగు."

ఆమె అడగలేదు. నా వైపు చూడనైనా లేదు. జనం మెల్లగా గుమిగూడారు. ఎవరో పెద్దమనిషి, "తండ్రే కదనమ్మా, పండుగ పూట లొల్లి ఎందుకు, ఇంటికాడ మాట్లాడుకోండ్రి," అన్నాడు. ఇంకెవరో అవునన్నారు. ఆయన ఆ మాటలను వెంటబెట్టుకుని గేటు వైపు నడిచాడు. తల్లి అడ్డం నిలబడింది. ఆయన మోచేత్తో పక్కకు నెట్టాడు. నేను అరవాలి. ఇంతకాలం గల్లీ అంతా హడలెత్తించిన నోరు నాది. కంచం ముందు కూర్చున్నదాన్ని కూర్చున్నట్టే ఉండిపోయాను.

వంటగది వైపు నుంచి కంచం మీద గరిటె దడదడా మోగింది. "పాయసం! పిల్లలు పాయసానికి రండ్రి! లేటొచ్చినోళ్ళకు అయిపోతది!" అని వంట అక్క గొంతు చించుకుంటోంది.

ఒళ్ళలో ఉన్న పిల్లలంతా దూకి పరుగు తీశారు. ఆ పిల్ల ఆయన చంకలో గింజుకుంది. "దించు డాడీ! అయిపోతదంట! దించు!" కాళ్ళతో తన్నింది. అందరూ చూస్తున్నారు. పాయసానికి వెళ్తానంటున్న పిల్లను బలవంతంగా ఎత్తుకుపోతే ఇంతసేపూ మంచి తండ్రిగా కూర్చున్నదంతా పోతుంది. ఆయన చెయ్యి ఒక్క క్షణం సడలింది. పిల్ల జారింది, పరుగెత్తింది. తల్లి వెనకే పరుగెత్తి వంటగదిలో దూరింది, అక్క తలుపు వేసి గడియ పెట్టింది. పాయసం ఇంకా పొయ్యి మీదికే ఎక్కలేదని నాకు తర్వాత తెలిసింది.

ఆయన కోప్పడలేదు. చెప్పులేసుకున్నాడు. చొక్కాకు అంటిన బియ్యం గింజలు దులుపుకున్నాడు. గడియ పెట్టిన తలుపు దగ్గరికి వెళ్ళి, లోపలివాళ్ళకు వినబడేంత గట్టిగా మాత్రమే అన్నాడు.

"ఎన్ని రోజులు దాస్తవ్? బడి రోజూ ఉంటది కదా."

నాకు రెండు చేతులూ జోడించి దండం పెట్టి, మామిడాకుల కిందనుంచి వెళ్ళిపోయాడు.

పోలీసులు వచ్చారు, అడిగారు, కొట్టారా అన్నారు, కొట్టలేదన్నాం, జాగ్రత్తగా ఉండమని చెప్పి వెళ్ళారు. తల్లి వంటగదిలోంచి బయటికొచ్చాక పిల్లను కొంగులో చుట్టినట్టు పట్టుకుని, నాతో ఒక్క మాటైనా అనకుండా ఆటో ఎక్కింది. తిట్టినా బాగుండేది. ఆ పూట నేను అన్నం ముట్టలేదు. రేపట్నుంచి ఆ పిల్ల ఈ బడి ముఖం చూడదు, ఏ బడికీ పోదు అనుకున్నాను. దానికంటే, రాత్రికి రాత్రి ఆయన ఆ రేకుల గది దగ్గరికి పోతే ఏం గతి అన్న ఆలోచన నన్ను తినేసింది.

మరునాడు ప్రార్థన గంట కొట్టకముందే ఇద్దరూ వచ్చారు. పిల్లకు రెండు జడలు, మొఖాన పౌడరు. నాకు ఏడుపు ఆగలేదు. "వచ్చినవా తల్లీ! ఇగ రావనుకున్న. గింత జరిగినా నన్ను నమ్మినవు, ఈసారి నా ప్రాణం పోయినా సరే..." అంటూ ఏదేదో వాగాను.

ఆమె పిల్ల వేళ్ళను తన చేతిలోంచి ఒక్కొక్కటే విడిపించుకుంది. కోపంగా కూడా చూడలేదు నన్ను.

"నమ్మి తెస్తలేను మేడం," అంది. "రూముల ఇడిసి తాళమేస్తే రేకు లేపి తీస్కపోతడు. ఫ్యాక్టరీలకు పిల్లలను రానియ్యరు. మల్ల ఏడ వెట్టాలె దీన్ని? జాగ ఉంటే నువ్వే జెప్పు."

ఆమెకు డ్యూటీ టైమైంది, వెళ్ళిపోయింది. పిల్ల నా పక్కన నిలబడి గేటు వైపే చూస్తోంది, అమ్మ పోయిన దిక్కు చూస్తోందో, ఇంకెవరి కోసం చూస్తోందో అడగడానికి నాకు ధైర్యం చాలలేదు.